చేజర్లలో చాడీల పెట్టెలు

చేజర్ల అనగానే చాలామందికి పల్నాటిలోని చేజర్ల జ్ఞాపకం వస్తుంది. శిబిచక్రవర్తి కథతో ముడిపడిన కపోతేశ్వరుడి గుడి అక్కడే ఉన్నది. నేను వెళ్ళినది ఆ చేజర్లకు కాదు. ఇది నెల్లూరు జిల్లా పడమటి భాగంలో, ఆత్మకూరుకు సమీపాన, పెన్నానదికి చేరువలో ఉన్న చేజర్ల. మా మేనత్తగారి ఊరు.

నెల్లూరులో బస్సు ఎక్కి పడమరగా పోతూంటే కొంతదూరందాకా కాలవలూ, వరిపొలాలూ కనిపిస్తాయి. తరవాత నేల ఎర్రబడుతుంది. తుమ్మచెట్లూ, రాళ్ళగుట్టలూ మొదలవుతాయి. బాగా దూరాన, పడమటి దిక్కున, వెలికొండలు నీలంగా గీత గీసినట్టు ఉంటాయి. మే నెలలో ఆ కొండలకేసి చూడటం కూడా కష్టమే. ఎందుచేతనంటే అటునుంచే వడగాలి వస్తుంది. మధ్యాహ్నం వేళ సముద్రపు గాలి నెల్లూరుదాకా వచ్చి ఆ పట్నాన్ని కాస్త చల్లబరుస్తుంది. చేజర్లదాకా వచ్చేసరికి దాని ఓపిక అయిపోతుంది. ఇక్కడ వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటటం ఒక వింత కాదు.

నేను బస్సు దిగేటప్పటికి పదకొండు గంటలయింది. వీధిలో మనిషి లేడు. కుక్కలు కూడా అరుగులకింద నీడ చూసుకుని పడుకున్నాయి.

మా అత్త ఇల్లు నిజానికి రెండు ఇళ్ళు. తూర్పున ఉన్నది పాత పెంకుటిల్లు. దాని మట్టిగోడలు మూరెడు మందం. కిటికీలు చిన్నవి, ఇనప ఊచలు, చెక్క రెక్కలు. పడమటి వైపున, ఆరేళ్ళ కిందట, మద్రాసులో ఉద్యోగం చేస్తున్న మా బావ ఒక కొత్త గది కట్టించాడు. దానికి సిమెంటు కప్పు, పడమటి గోడలో నాలుగడుగుల చదరపు కిటికీ, ఆ కిటికీకి పక్కకు జరిపే నల్లద్దాలు, అల్యూమినియం చట్రం. గదిలో ఒక ఏసీ కూడా ఉన్నది. ఊళ్ళోవాళ్ళంతా వచ్చి చూసి మెచ్చుకున్న గది అది.

అత్తకు మాత్రం ఆ గది అంటే గిట్టదు. ఐనా ఆమె అందులోనే పడుకోవాలి. కిందటి ఏడు మే నెలలో ఆమెకు వడదెబ్బ తగిలింది. పెరట్లో మిరపకాయలు తిరగేస్తూ తూలి పడిపోయింది. ఆస్పత్రిలో రెండు రోజులు ఉంచి, ఇక మీదట మధ్యాహ్నం వేళ చల్లని చోట ఉండి తీరాలన్నారు. వడదెబ్బ చిన్న విషయం కాదు. 2015 మే నెలలో వచ్చిన వడగాలులకు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యిమందికి పైగా చనిపోయారు. వారిలో ముసలివాళ్ళూ, ఎండలో పని చేసేవాళ్ళూ ఎక్కువ.

చిక్కేమిటంటే, ఆ ఏసీ గది చల్లబడటం లేదు. పొద్దున బాగానే ఉంటుంది. మధ్యాహ్నం రెండు గంటలు దాటితే ఏసీ బుసలు కొడుతూనే ఉంటుంది, గది మాత్రం కాగుతూనే ఉంటుంది. కరెంటు బిల్లు చూసి అత్త గుండె బాదుకుంటున్నది. మా బావ ఫోనులో, "ఆ ఏసీ చాలదు, ఇంకా పెద్దది కొని పంపుతాను" అన్నాడు.

అప్పుడు అడ్డుపడినవాడు అత్త మనమడు. వాడు నెల్లూరులో పాలిటెక్నిక్ చదువుతున్నాడు, సెలవులకు వచ్చాడు. "నాకు పది రోజులు గడువు ఇవ్వండి. వేడి ఎట్టా వస్తున్నదో కనుక్కుంటాను. తరవాత మీ ఇష్టం," అన్నాడు. నేను వెళ్ళినది సరిగా ఆ పది రోజుల్లోనే.

వాడి దగ్గర అగ్గిపెట్టెలంత తెల్లని పెట్టెలు ఆరు ఉన్నాయి. అవే సెన్సర్లు. అత్త వాటిని అనుమానంగా చూసి, "ఏందబ్బయ్యా ఇవి? ఫొటోలు తీస్తాయా?" అని అడిగింది.

"లేదవ్వా. ఎక్కడ ఎంత వేడి ఉందో చెపుతాయి, అంతే."

"నా చెయ్యి చెప్పదా?"

వాడు నవ్వాడు. కాని అత్త మాటలో నిజం లేకపోలేదు. మన చెయ్యి వేడిని చెపుతుంది. ఐతే అది నిన్నటి వేడినీ, ఇవాళ్టి వేడినీ పోల్చి చెప్పలేదు. అర్ధరాత్రి మనం నిద్రపోతే అదీ నిద్రపోతుంది. ఈ పెట్టెలు నిద్రపోవు. అయిదు నిమిషాలకు ఒకసారి చూసి, చూసినది గాలిలోనే సెల్‌ఫోనుకు పంపుతాయి. రూపాయిబిళ్ళంత బ్యాటరీతో నెలలకొద్దీ పని చేస్తాయి. చేజర్లలో కరెంటు పోయినా వాటికి దిగులు లేదు.

పెట్టె లోపల ఏముందో వాడు మాకు విప్పి చూపించాడు. మెంతిగింజంత పూస ఒకటి ఉన్నది. అది కొన్ని లోహాల భస్మాలను కలిపి చేసినది. దీనికొక వింత గుణం ఉన్నది: చల్లగా ఉన్నప్పుడు కరెంటును సులభంగా పోనివ్వదు, వేడెక్కినకొద్దీ పోనిస్తుంది. ఎంత కరెంటు పోయిందో కొలిస్తే ఎంత వేడి ఉన్నదో తెలిసిపోతుంది. దీనిని థర్మిస్టర్ అంటారు. మరొక పెట్టె లోపల గాజు గొట్టం ఉన్నది, వడ్లగింజకన్న కాస్త పెద్దది. అందులో సన్నని ఇనప రేకులు రెండు, ఒకదాన్నొకటి అంటీ అంటకుండా ఉన్నాయి. దగ్గరికి అయస్కాంతం తేగానే అవి టక్కున అంటుకున్నాయి. అయస్కాంతాన్ని కిటికీ రెక్కకూ, గొట్టాన్ని చట్రానికీ అతికిస్తే, కిటికీ మూసి ఉన్నదీ తెరిచి ఉన్నదీ తెలుస్తుంది. ఈ గొట్టం కొత్తదేమీ కాదు. 1936లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో వాల్టర్ ఎల్‌వుడ్ అనే ఆయన కనిపెట్టాడు. టెలిఫోను పనికని పుట్టినది ఇవాళ కిటికీలకు కాపలా కాస్తున్నది!

మనమడు ఒక పెట్టెను గది మధ్య, ఒకదాన్ని కిటికీ అద్దానికి లోపలి వైపున, ఒకదాన్ని బయట వేపచెట్టు నీడన, ఒకదాన్ని పెంకుటింట్లో పెట్టాడు. కిటికీ కిందిపట్టీ దగ్గర ఒకటి. గాజుగొట్టం ఉన్నది కిటికీ చట్రానికి. అద్దం మీది పెట్టెకు చాక్లెట్ మీది వెండికాగితం చుట్టాడు. ఎందుకంటే, పెట్టెమీదే ఎండ పడితే అది అద్దం సంగతి మాని తన సొంత వేడిని చెప్పటం మొదలుపెడుతుందట. కొలిచేవాడు ముందు కొలతబద్దను అనుమానించాలి గదా!

అత్త మనమరాలికి పదేళ్ళు. ఆ పిల్ల నోటుపుస్తకం తెచ్చి గంటగంటకూ అంకెలు రాసే పని తనమీద వేసుకున్నది.

మొదటి రోజు మధ్యాహ్నం మూడున్నరకు పుస్తకంలో ఇలా ఉన్నది: వేపచెట్టు కింద 41, గదిలో 31, అద్దం మీద 47. మేమంతా ఆ చివరి అంకె చూసి ఆశ్చర్యపోయాం. బయటి గాలికన్న అద్దమే వేడిగా ఉన్నది!

"తప్పేమో," అన్నాను.

"చెయ్యి పెట్టి చూడండి మామయ్యా," అన్నాడు మనమడు.

పెట్టాను. వెంటనే తీసేశాను.

ఇందుకు కారణం ఆ అద్దం నల్లనిది కావటమే. నల్లద్దం ఎండను ఆపుతుందని అందరూ అనుకుంటారు. ఆపే మాట కొంత నిజమే. కాని ఆపిన ఎండను అది ఏం చేస్తున్నది? తాగేస్తున్నది. తాగి, పొయ్యిమీది పెనం మాదిరిగా కాగి, ఆ వేడిలో కొంత బయటికీ కొంత లోపలికీ వెళ్ళగక్కుతున్నది. అంటే అత్త పడక పక్కన రోజూ మధ్యాహ్నం నాలుగడుగుల పెనం ఒకటి పెట్టినట్టే అన్నమాట.

మనమడు నేలమీద సుద్దముక్కతో లెక్క వేశాడు. కిటికీ వైశాల్యం సుమారు ఒకటిన్నర చదరపు మీటర్లు. సాయంకాలపు ఎండ పడమటి గోడమీద తిన్నగా పడుతుంది. చదరపు మీటరుకు అయిదారు వందల వాట్లు ఉంటుంది. అంటే కిటికీమీద పడేది ఎనిమిది, తొమ్మిది వందల వాట్లు. నల్లద్దమైనా సరే, అందులో సగానికి పైగా ఏదో ఒక దారిన గదిలోకి వచ్చేస్తుంది. ఇది ఎండ సంగతి. ఎండ లేకపోయినా, బయట వేడి ఎక్కువ, లోపల తక్కువ కనక అద్దం గుండా వేడి వస్తుంది. ఒంటిపొర అద్దమైతే చదరపు మీటరుకు, ఒక డిగ్రీ తేడాకు, సుమారు 5.7 వాట్లు. పది డిగ్రీల తేడాకు ఈ కిటికీ గుండా వచ్చేది 85 వాట్లు. ఎండ తెచ్చేదానితో పోలిస్తే ఇది చిన్న దొంగ.

"పెద్ద దొంగను ముందు పట్టాలి," అన్నది మనమరాలు.

రెండు అద్దాలను ఎడంగా అమర్చి, మధ్య గాలి కదలకుండా బంధిస్తే ఆ చిన్న దొంగ సగానికి సగం తగ్గిపోతాడు. కదలని గాలి వేడిని సులభంగా పోనివ్వదు. కాని జంట అద్దాలు ఖరీదు. పైగా ఎండ వాటిగుండా కూడా వస్తుంది.

ఇక చట్రం. ఈ సంగతి మాకు వంటింట్లో తెలిసింది. అత్త పులుసు కలిపే గరిటె ఉదయగిరి గరిటె. ఉదయగిరి కోట గురించి మీరు వినే ఉంటారు. కృష్ణదేవరాయలు 1514లో గజపతుల దగ్గరనుంచి గెలుచుకున్న గిరిదుర్గం అది. ఇవాళ ఆ ఊరికి కొయ్య గరిటెల పేరు కూడా ఉన్నది. అక్కడి పనివాళ్ళు చేసే గరిటెలకూ, చెంచాలకూ, ఫోర్కులకూ భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మరుగుతున్న పులుసులో అత్త ఒక ఉదయగిరి గరిటె, ఒక స్టీలు గరిటె వేసి, "రెండూ పట్టుకోండి చూద్దాం," అన్నది. స్టీలు గరిటెను పిల్ల అమ్మో అని వదిలేసింది. కొయ్య గరిటె కాడ ఏమీ ఎరగనట్టు ఉన్నది. అల్యూమినియం స్టీలుకన్న ఘోరం. కర్రకన్న అది వేడిని వెయ్యిరెట్లు సులభంగా పోనిస్తుంది. పాత ఇంటి కిటికీకి కర్ర చట్రం, కొత్త గదికి అల్యూమినియం చట్రం! చెదలు పట్టదని కొన్నారు. అదీ నిజమే అనుకోండి.

మూడో రోజున పెద్ద గొడవ అయింది. సాయంకాలం మనమడు ఫోను చూసి, "అవ్వా, మూడుంబావు నుంచి నాలుగూపదిదాకా పడమటి కిటికీ తెరిచి ఉన్నది. ఏసీ నడుస్తూనే ఉన్నది. ఏం చేస్తున్నావు?" అని అడిగాడు.

అత్త తెల్లబోయింది. తరవాత ఆమెకు కోపం వచ్చింది. "పక్కింటి కోడలికి పచ్చడి ఇచ్చాను. రెండు మాటలు మాట్లాడాను. అదికూడా చెప్పిందా ఆ పెట్టె? ఇంట్లో చాడీలు చెప్పేదాన్ని తెచ్చి పెట్టావే!"

ఆనాటినుంచి వాటికి చాడీల పెట్టెలనే పేరు స్థిరపడింది.

ఏసీ చేసే పని ఏమిటో తెలిస్తే ఆ చాడీ ఎందుకు ముఖ్యమో తెలుస్తుంది. ఏసీ చల్లదనాన్ని తయారుచెయ్యదు. గదిలోని వేడిని తోడి బయట పారబోస్తుంది. పడవలోని నీరు తోడినట్టే. పడవకు చిల్లి ఉంటే ఎంత తోడినా నీరు వస్తూనే ఉంటుంది. చిల్లి పూడ్చకుండా ఇంకా పెద్ద చేద కొంటానంటున్నాడు మా బావ! యంత్రాన్ని 18 డిగ్రీల దగ్గర పెడితే గది తొందరగా చల్లబడుతుందనుకోవటం కూడా ఇలాంటి పొరపాటే. మామూలు యంత్రం తోడే వేగం మారదు. తోడటం ఆపే వేళ మాత్రం దూరమవుతుంది. 2020 జనవరి నుంచి మన దేశంలో నక్షత్రాల గుర్తుతో అమ్మే గది ఏసీలన్నిటినీ కంపెనీలోనే 24 డిగ్రీలకు అమర్చి పంపాలనే నియమం వచ్చింది.

కిటికీ మూసి ఉన్నప్పుడు కూడా చిల్లులు లేకపోలేదు. కిందిపట్టీ దగ్గర పెట్టిన పెట్టె, పడమటి గాలి విసిరినప్పుడల్లా అంకె పెంచుతున్నది. మనమడు ఒక ఊదువత్తి వెలిగించి కిటికీ అంచుల వెంబడి నెమ్మదిగా తిప్పాడు. మూడు వైపులా పొగ నిటారుగా లేచింది. కిందిపట్టీ దగ్గరికి రాగానే చటుక్కున లోపలికి వంగింది. వాననీరు పోవటానికని చట్రంలో పెట్టిన కన్నాలగుండా, అద్దాలు జారే సందుగుండా వడగాలి వస్తున్నది. మీ ఇంట్లో కూడా ఈ పరీక్ష చెయ్యవచ్చు. ఊదువత్తిని పెద్దవాళ్ళు వెలిగించి దగ్గర ఉండాలి, కిటికీ తెర పక్కకు తీసి కట్టెయ్యాలి.

మరునాడు ఉదయం మేము పెన్న చూడబోయాం. చేజర్ల మండలంలోనే పెరుమాళ్ళపాడు అనే ఊరు ఉన్నది. పెన్నానది నందికొండల్లో పుట్టి, సోమశిల దగ్గర ఆనకట్ట దాటి ఇటు వస్తుంది. ఎండాకాలంలో ఎటు చూసినా ఇసుకే. ఆ ఇసుకలో 2020 జూన్‌లో ఒక వింత జరిగింది. పెద్దలు చెప్పగా విన్న మాట పట్టుకుని ఊరివాళ్ళు తవ్వితే, ఎంతోకాలంగా పూడిపోయి ఉన్న నాగేశ్వరస్వామి గుడి బయటపడింది. ఎక్కడెక్కడినుంచో జనం చూడవచ్చారు.

గుడి చూసి తిరిగి వచ్చేటప్పటికి పది దాటింది. ఇసుక చెప్పుల్లోనుంచి కూడా కాలుతున్నది. మనమరాలు గంతులు వేస్తూ, "పాపం ఆ గుడి ఇన్నేళ్ళూ ఎంత ఉడికిపోయిందో!" అన్నది.

"ఉడకలేదు. చూస్తావా?" అని వాడు జేబులోనుంచి ఒక చాడీల పెట్టె తీశాడు. ఇసుకమీద పెట్టి, పైన రుమాలు కప్పాడు. అంకె 50 దాటింది. తరవాత మూరెడు లోతు గొయ్యి తవ్వి, అందులో పెట్టి, గట్టిగా పూడ్చి, మేము తుమ్మచెట్టు నీడన అరగంట కూర్చున్నాం. తీసి చూస్తే ఫోనులో 32 ఉన్నది. పిల్ల నమ్మలేక ఆ గోతిలో చెయ్యి పెట్టి, అక్కడే ఉంచేసింది.

ఇసుక వేడిని నెమ్మదిగా పోనిస్తుంది. పైన కాగిన వేడి మూరెడు లోతుకు దిగేలోగా రాత్రి వస్తుంది, పైపొర చల్లబడుతుంది. అందుచేత లోపల పగలూ రాత్రీ దాదాపు ఒకటే. అత్త పాత ఇంటి మట్టిగోడ చేసే పని కూడా ఇదే. కొత్త గది కిటికీకి ఇలాంటి గోడ లేదు. సరే, కిటికీని ఇసుకతో పూడ్చలేం గదా!

ఇంటికి వచ్చాక వైద్యం మొదలయింది. వైద్యం అంతా కలిపి ఏసీ ఖరీదులో వందో వంతు కాలేదు. కిటికీ బయట, అద్దానికి మూరెడు ఎడంగా, తాటాకుల తడిక ఒకటి ఏటవాలుగా కట్టాం. లోపల తెర కట్టవచ్చు గదా అని నేను అన్నాను. మనమడు ఒప్పుకోలేదు. ఎండ ఒకసారి అద్దం దాటి లోపలికి వచ్చి తెరను కాల్చిందంటే, ఆ తెర వెదజల్లే వేడి తిరిగి అద్దంగుండా ఎండ మాదిరిగా బయటికి పోలేదు. గాజు ఎండకు దారి ఇస్తుంది; కాగిన వస్తువులనుంచి వచ్చే వేడికి దారి ఇవ్వదు. ఎండలో తలుపులు బిగించి నిలబెట్టిన కారులో ఎక్కినవారికి ఈ సంగతి చెప్పనక్కరలేదు. కనక దొంగను గుమ్మం బయటే ఆపాలి. తరవాత అద్దాలు జారే సందులో స్పాంజి పట్టీలు అతికించాం. వాననీటి కన్నాలకు గుడ్డపీలికలు కుక్కాం. కార్తెలు తిరిగి వానలు రాగానే తీసెయ్యాలని పిల్ల పుస్తకంలో రాసుకున్నది.

ఆ రోజు మూడున్నరకు అద్దం మీది అంకె 40. బయటి గాలికూడా ఇంచుమించు అంతే. పెనం దిగిపోయింది.

అత్త తడికను చూసి, "దీనికి పెట్టె ఎందుకురా? మా అమ్మ కట్టేది. వట్టివేళ్ళ తడిక కట్టి నీళ్ళు చిలకరించేది కూడాను," అన్నది. ఇది మేము ఎవరం కాదనలేదు. నీరు ఆవిరి కావాలంటే వేడి కావాలి. ఆ వేడిని గాలిలోనుంచే లాక్కుంటుంది. ఒక లీటరు నీరు ఆవిరైపోతూ సుమారు మూడింట రెండువంతుల యూనిట్ వేడిని మింగుతుంది. పొడిగాలి వీచే ఈ పడమటి ఊళ్ళలో ఇది బాగా పనిచేస్తుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉండే సముద్రపు ఒడ్డున అంత బాగా పనిచెయ్యదు. ఐతే ఎండాకాలంలో నీళ్ళు మోసుకొచ్చేవాళ్ళు ఎవరు? ఆ ప్రశ్నకు అత్త కూడా జవాబు చెప్పలేదు.

ఆమె నేర్పు అంతటితో ఆగలేదు. రాత్రి ఎప్పుడు కిటికీలు తెరవాలో ఆమె వేపాకు కదలటం చూసి చెపుతుంది. మనమడి పెట్టెలు, బయటి అంకె లోపలి అంకెకన్న తగ్గగానే ఫోనులో గంట కొడతాయి. నాలుగు రాత్రులు వరసగా చూశాం. ఎన్నడూ ఇద్దరికీ అరగంటకన్న తేడా రాలేదు! కాని ఒక విషయంలో మాత్రం అత్త ఓడిపోయింది. దీపాలవేళ ఇల్లంతా తెరిచి ఉంచటం ఆమె అలవాటు. ఆ వేళకు సూర్యుడు పోతాడే కాని వేడి పోదు. బయట ఇంకా 37 ఉంటే పెంకుటింట్లో 33 ఉన్నది. తెరవగానే లోపలి అంకె గబగబా పైకి పాకింది.

"దీపాలవేళ మూసుకుని కూర్చుంటే ఇంట్లోకి లక్ష్మి ఎట్టా వస్తుంది?" అన్నది అత్త.

మనమడు తల గోక్కున్నాడు. చివరికి, "వీధి తలుపు తెరిచే ఉంచవ్వా. ఆమె తూర్పునుంచి వస్తుంది. పడమటి కిటికీ మాత్రం తెరవబాక," అన్నాడు. అత్త ఈ ఒప్పందానికి అంగీకరించింది.

ఆ రాత్రి పెరట్లో మంచాలమీద పడుకున్నప్పుడు అత్త ఉన్నట్టుండి అడిగింది: "ఇట్టాంటి పెట్టెలు పెద్దవాళ్ళెవరైనా నిజంగా వాడతారా, లేక మీ బడిలో ఆటా?"

వాడు హైదరాబాదు కథ చెప్పాడు. హైదరాబాదు శివార్లలో పోచారం దగ్గర ఇన్ఫోసిస్ కంపెనీ ఒక పెద్ద భవనం కట్టింది. దాన్ని నడిమికి రెండు సమభాగాలు చేశారు, కవలపిల్లల మాదిరిగా. రెండింటికీ కిటికీలకు నీడ, గోడలకు వేడి ఆపే పొర ఉన్నాయి. ఒక భాగాన్ని మామూలు పద్ధతిలో చల్లగాలితో చల్లబరిచారు. రెండో భాగంలో సిమెంటు కప్పులోనే గొట్టాలు పెట్టి చల్లని నీరు పారించారు. రెండు భాగాల్లోనూ ఎక్కడికక్కడ సెన్సర్లూ, మీటర్లూ అమర్చి, 2011 నుంచి రెండేళ్ళపాటు లెక్కలు చూశారు. చల్లబరచటానికి అయిన కరెంటు నీటిగొట్టాల భాగంలో 34 శాతం తక్కువ! ముందు కిటికీలూ గోడలూ వేడిని ఆపబట్టే, కప్పు ఇచ్చే ఆ కాస్త చల్లదనమూ సరిపోయింది.

"కప్పునుంచి నీళ్ళు కారవా?" అని చీకట్లోనుంచి పిల్ల అడిగింది. మంచి ప్రశ్నే. చల్లని మంచినీళ్ళ గ్లాసుకు బయట చెమట పట్టినట్టు, చల్లని కప్పుకు కూడా పడుతుంది. తేమగాలి లోపలికి వస్తే ఇక వానే. అందుకే అలాంటి చోట్ల గాలిలోని తేమను కనిపెట్టే సెన్సర్లు కూడా ఉంచి, కప్పు అంతకన్న చల్లబడకుండా నీటిని సరిచేస్తారు. అక్కడ ఎవరో పచ్చడి ఇవ్వటానికి కిటికీ తెరిస్తే ఎంత ప్రమాదమో!

నేను నాకు తెలిసినది చెప్పాను. హైదరాబాదులోనే, హైటెక్ సిటీ దగ్గర, గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ అని ఒక గుండ్రని భవనం ఉన్నది. 2004 జులై 14న రాష్ట్రపతి అబ్దుల్ కలాంగారు దాన్ని ప్రారంభించారు. దాని కిటికీలకు జంట అద్దాలు. అద్దాల మధ్య ఆర్గాన్ అనే వాయువు నింపారు. ఆర్గాన్ గాలికన్న కూడా తక్కువగా వేడిని పోనిస్తుంది. అదే భవనంలో కొన్ని గోడలకు, పాత కోటల్లో ఉండేలాంటి, కన్నాల జాలీలు పెట్టారు. వెలుతురు వస్తుంది, ఎండ రాదు.

"మన తడికే!" అన్నది అత్త, సంతృప్తిగా.

పదో రోజున మనమడు మా బావకు ఫోను చేశాడు. ఇప్పుడు ఏసీ మధ్యాహ్నంపూట తోడి తోడి అలిసి ఆగుతున్నదనీ, అంటే గది కోరిన చల్లదనానికి వస్తున్నదనీ, పెద్దది అక్కరలేదనీ చెప్పాడు. మా బావ వెంటనే ఒప్పుకోలేదు. "ఆ అంకెలు పంపు, చూస్తాను" అన్నాడు. పిల్ల తన నోటుపుస్తకం పేజీలన్నిటికీ ఫొటోలు తీసి పంపింది. రాత్రికి జవాబు వచ్చింది: ఏసీ మానేసి, ఆ డబ్బుతో సిమెంటు కప్పు సంగతి చూద్దామని. రాత్రివేళ ఆ గది ఎందుకు కాగుతున్నదో కప్పుకు కట్టిన చాడీల పెట్టె అప్పటికే చెప్పేసింది. పగలంతా ఎండ తాగిన కప్పు రాత్రి దాన్ని కిందికి దింపుతున్నది. దానికి తెల్లసున్నం వెయ్యాలి. ఆ పని వచ్చే నెలలో.

నేను బయలుదేరే రోజున అత్త బస్సుదాకా రాలేదు. ఎండ ఎక్కకముందే, తొమ్మిది కొట్టకుండానే, కిటికీ రెక్కలన్నీ ఒక్కొక్కటే మూసి గడియలు పెడుతున్నది. నేను చెప్పులు తొడుక్కుంటూండగా ఆమె మనమణ్ణి పిలిచి, "ఆ పెట్టెల్లో ఒకటి మిగిలిందిగా?" అని అడిగింది.

"మిగిలిందవ్వా. ఎందుకు?"

"గొడ్లచావిట్లో కట్టు. నాలుగు రోజులుగా బర్రె సాయంత్రంపూట పాలు తగ్గించింది. ఎండకో, లేక ఆ పాలు పితికేవాడి సంగతో, ఏదో ఒకటి తేలాలి."

మనమడు పెట్టె తెచ్చాడు. పిల్ల నోటుపుస్తకంలో కొత్త పేజీ తీసి, పైన "బర్రె" అని రాసింది.